అశ్మకుల సాత్మ్యము: సబ్బినాటి ఆహారచరిత్రలో దేహప్రకృతి విచారము

చరకసంహిత చికిత్సాస్థానమున 30వ అధ్యాయము తుదిభాగమందు, ఏ దేశపు జనులకు ఏ యాహారము అలవడియున్నదో తెలుపు చిన్న పట్టిక యొకటి కలదు. బాహ్లికులు, పహ్లవులు, చీనులు, యవనులు, శకులు మాంసమునకును గోధుమకును మాధ్వీకమను మద్యమునకును అలవాటుపడినవారు. ప్రాచ్యులకు చేపలు, సింధుదేశీయులకు పాలు, మలయవాసులకు కందమూలఫలములు, దక్షిణమువారికి పేయ అనగా గంజి, మధ్యదేశమువారికి యవలు, గోధుమలు, గోరసము సాత్మ్యములు. ఈ వరుసలో మన ప్రాంతమునకు సంబంధించిన మాట యొకటి యున్నది. అశ్మకులకును అవంతులకును నూనెయు పులుపును సాత్మ్యమని గ్రంథకర్త చెప్పినాడు. వైద్యగ్రంథమున నొకమూల దాగియున్న యీ మాట తెలుగుదేశపు ఆహారచరిత్ర వ్రాయువారి దృష్టికి అంతగా వచ్చినట్లు కనబడదు. దానిని పురస్కరించుకొని, మాంసము, ధాన్యము, శాకాహారము అనువానిలో ఏది ఏ దేహమునకు తగునను ప్రశ్నను కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారు కాలక్రమమున ఎట్లు ఎదుర్కొనిరో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

అశ్మకము షోడశ మహాజనపదములలో నొకటి. గోదావరీతీరమున వెలసినది ఇదియే. దాని రాజధానియగు పోదనము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఐనను అశ్మకమును బోధన్ పరిసరములకే కుదించి చూడరాదు. సుత్తనిపాతములోని పారాయణవర్గమున బావరి యను వృద్ధబ్రాహ్మణుడు అస్సకుల రాజ్యమున, అళకమునకు చేరువగా, గోదావరి యొడ్డున ఉంఛవృత్తితోను ఫలములతోను కాలము గడపెనని చెప్పబడినది. ఆ యాశ్రమస్థానము పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఖానాపురమునకు చేరిన బాదనకుర్తి యని స్థానిక చరిత్రకారులు చెప్పుదురు. ఆ గుర్తింపు నిలుచునో లేదో యటుండనిండు. బావరి భోజనము మాత్రము గమనింపదగినది. కోతలైన చేలలో రాలిన గింజలు, చెట్లనుండి రాలిన పండ్లు: గోదావరి తీరవాసి యొకని యాహారమును గూర్చి మనకు దొరకు ప్రాచీన ప్రస్తావనలలో ఇది యొకటి. నదికి ఈవలి యొడ్డున కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట త్రవ్వకములలో బయల్పడిన శాతవాహనకాలపు నివేశములు ఈ సీమ ఆనాటికే వ్యవసాయమున, వర్తకమున ముందంజ వేసియుండెనని స్పష్టము చేయుచున్నవి. హాలుని గాథాసప్తశతిలో వరిచేలు, నువ్వుచేలు, బోయపల్లెలు ప్రక్కప్రక్కనే కనబడును. నూనె గానుగకు నువ్వు ఆనాడే యుండెనన్నమాట.

చరకుని పట్టిక యని వాడుకగా అనుచున్నను, నిజమునకు అది చరకునిది కాదు. చికిత్సాస్థానమునందలి 17 అధ్యాయములను, కల్ప సిద్ధి స్థానములను పూరించినవాడు దృఢబలుడు. 30వ అధ్యాయము ఆతని పూరణలోనిదే. ఆతని కాలము క్రీ.శ. 4, 5 శతాబ్దుల ప్రాంతమని సాధారణముగా అంగీకరింతురు. కావున అశ్మకుల నూనె, పులుపులను గూర్చిన మాట ఉత్తరాపథమున నుండి యొక వైద్యుడు, తాను కన్నదో విన్నదో, వ్రాసికొన్న మాట. అప్పటికి అశ్మకరాజ్యము అస్తమించి బహుకాలమైనది. దేశనామము మాత్రమే నిలిచియుండెను.

ఉత్సాహవంతుడగు విద్యార్థి యిచ్చట తొందరపడుటకు అవకాశమున్నది. కరీంనగరు పల్లెలలో పచ్చిపులుసు లేని పూట తక్కువ. పులిసిన జొన్న అంబలి నిన్న మొన్నటివరకు ఉదయభోజనము. సంక్రాంతికి చేయు సకినాలలో నువ్వులు తప్పనిసరి. సద్దుల బతుకమ్మ నాటి సద్దులలో చింతపండు పులిహోరయు నువ్వులసద్దియు ముందు నిలుచును. ఇవియన్నియు చూపి, పదునైదు వందల యేండ్లుగా అశ్మకుల సాత్మ్యము అట్లే నిలిచియున్నదని వ్రాయుట సులభము. కాని యీ వంటలలోని మిరపకాయ అమెరికానుండి 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట వచ్చినది. పల్లీ అటుల వచ్చినదే. కరీంనగరు బీదవానికి గటుకయై కడుపు నింపిన మక్కయు అట్టిదే. వంటయింటిలో సగము క్రొత్తసరుకు చేరిన పిమ్మట కూడ పాతరుచి నిలిచినదనుకొందమన్నను, అది రుచికి సంబంధించిన నిలుకడయే కాని దేహప్రకృతికి సంబంధించినది కాదు. ఈ భేదమే ఈ విషయమున మూలసూత్రము.

ఆయుర్వేదమున ప్రకృతి వేరు, సాత్మ్యము వేరు. విమానస్థానము 8వ అధ్యాయమున రోగిని పరీక్షించుటకు పది అంశములు చెప్పబడినవి: ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వీనిలో ప్రకృతి పుట్టుకతో వచ్చునది. వాతప్రకృతివాడు పొడిదేహము కలవాడు, బక్కవాడు, చురుకైనవాడు. పిత్తప్రకృతివాడు వేడికి ఓర్వలేనివాడు, ఆకలిదప్పులు అధికముగా కలవాడు. కఫప్రకృతివాడు నిండైన గట్టి యవయవములు కలవాడు, నెమ్మదివాడు. ఇచ్చటివరకు అందరు ఎరిగినదే. సాత్మ్యమో, నిత్యసేవనముచేత ఒంటికి ఒదిగినది. మొదటిది తల్లిదండ్రులనుండి వచ్చిన సొత్తు. రెండవది వంటయింటినుండి వచ్చిన సొత్తు. దృఢబలుని పట్టికలో ఉన్నది రెండవది. అశ్మకుల దేహములు నూనెకును పులుపునకును తగినట్లు సృష్టింపబడినవని ఆతడు చెప్పలేదు. వారికి అవి అలవాటైనవనియు, మందు నిచ్చునపుడు వైద్యుడు ఆ అలవాటును ఉపేక్షింపరాదనియు మాత్రమే చెప్పినాడు.

తెలుగు జానపదుడు ఈ భేదమును శాస్త్రము చదువకయే చక్కగా పాటించుచున్నాడు. “వంకాయ నాకు పడది” అనుటలోని “పడు” ధాతువు సాత్మ్యమునకు సరియైన తెనుగు. “తిన్నది ఒంటికి పట్టలేదు” అనుటలోని “పట్టు” ఆహారశక్తికి సంబంధించినది. “అది వానిది బక్క పానం” అన్నప్పుడు ప్రకృతి. “అంబలి సలువ, మక్క గటుక వేడి” అన్నప్పుడు ద్రవ్యగుణము. నాలుగు వేర్వేరు భావములకు నాలుగు వేర్వేరు పలుకుబళ్లు! పండితులు వ్రాసిన కొన్ని ఆధునిక ఆరోగ్యగ్రంథములలో ఈ నాలుగును కలగాపులగమై కనబడుట విచారకరము.

చరకుడు ఇంతటితో నిలువలేదు. అదే అధ్యాయమున సాత్మ్యములలోను తారతమ్యము చూపినాడు. నెయ్యి, పాలు, నూనె, మాంసరసములకును ఆరు రుచులకును అలవడినవారు బలవంతులు, క్లేశమునకు ఓర్చువారు. పొడి తిండికి, ఏదో యొక రుచికే అలవడినవారు అల్పబలులు అని యాతని నిర్ణయము. అలవాటైనది కనుక మంచిదే యను సమాధానము నాతడు అంగీకరింపలేదన్నమాట. ఒక జనసమూహమునకు ఒకటే ధాన్యము అలవాటగుట వారి దేహస్వభావముచేత కాక వారి పేదరికముచేత కావచ్చును. ఈ సూత్రమునకు 20వ శతాబ్దిలో హైదరాబాదు సీమలో దొరికిన నిదర్శనమును ముందు చూపెదను.

దేహాకృతిని బట్టి ఆహారనిర్ణయము చేసిన చోటు సూత్రస్థానము 21వ అధ్యాయము. అతిస్థూలుడు, అతికృశుడు ఇరువురును నిందితులే యని చెప్పి, వారిలో స్థూలుని చికిత్స కష్టతరమని యాచార్యుని మతము. స్థూలునకు బరువుగా నుండి పుష్టినీయని ఆహారము కావలెను. ఆ జాబితాలో యవలు, సామలు, కొఱ్ఱలు, అరికెలు, పెసలు, ఉలవలతోపాటు “జూర్ణాహ్వ” యను ధాన్యము కలదు. అది జొన్నయని గ్రహించుట ప్రసిద్ధము. కృశునకో, నిద్ర, నిశ్చింత, క్రొత్తబియ్యము, పాలు, పెరుగు, నెయ్యి, చెరకు, మాంసరసము. బృంహణద్రవ్యములలో, అనగా ఒడలు పెంచువానిలో మాంసము మేటి యని సూత్రస్థానమున స్పష్టముగా చెప్పబడినది. 27వ అధ్యాయమున మాంసమును ఎనిమిది వర్గములుగా విభజించి వివరించిన శాస్త్రము మాంసమును నిషేధించినదనుట సత్యదూరము. అందరకు విధించినదనుటయు అట్టిదే. ఏ దేహమునకు, ఏ యగ్నికి, ఏ కాలమున అను మూడు ప్రశ్నలకు తరువాతనే సమాధానము.

ఇట్లు వైద్యమున మాంసమునకు స్థానముండగా, అహింసను పరమధర్మముగా నెంచు జైనుడు వైద్యుడైనచో ఏమి చేయవలెను? ఈ సమస్య రాష్ట్రకూటుల కాలమున దక్కనులో రాజసభకెక్కినది. 9వ శతాబ్దివాడగు ఉగ్రాదిత్యుడు శ్రీనంది శిష్యుడు. కల్యాణకారకమను సంస్కృత వైద్యగ్రంథమును రామగిరి యందు రచించెను. ఆ రామగిరి విశాఖ సీమలోని రామతీర్థమని యనేకుల మతము; మన పెద్దపల్లి దాపున గల రామగిరి దుర్గముతో దానిని ముడిపెట్టుటకు ఆధారము లేదు. ఆ గ్రంథమున మధువు, మద్యము, మాంసము లేకయే చికిత్స యంతయు నిరూపింపబడినది. దాని చివర అనుబంధముగా హితాహితాధ్యాయము కలదు. నృపతుంగవల్లభుని, అనగా అమోఘవర్షుని సభలో వైద్యులు, విద్వాంసులు కూడియుండగా మాంసభక్షణము నిష్ప్రయోజనమని యుగ్రాదిత్యుడు చేసిన ప్రసంగమునకు అది గ్రంథరూపము. షోలాపురమున 1940లో ఈ గ్రంథము ముద్రితమైనది. ఉగ్రాదిత్యుని వాదము కేవలము పాపభీతిని ఆశ్రయించినది కాదు. మాంసము ఔషధమనుటయే నిలువదని యాతని పక్షము. వైద్యునితో వైద్యభాషలోనే వాదించుట యందు ఆతని ధైర్యమున్నది.

ఈ వాదము మన సబ్బినాటికి నూరేండ్ల పిమ్మట వేరొక రూపమున చేరినది. రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యులు సబ్బి వేయినాటి నేలిరి. రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి యుండెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కురిక్యాల బొమ్మలగుట్టపై జినబింబములు చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము వ్రాయించెను. అందలి తెలుగు కందపద్యములు మన భాషాచరిత్రకు ఎంత ముఖ్యములో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ గంగాధరలోనే శకవర్షము 881, క్రీ.శ. 959లో సోమదేవసూరి యశస్తిలకచంపువును పూర్తిచేసెను. ఈ గంగాధర ధార్వాడ ప్రాంతముదని కొందరు వాదించినను, శకవర్షము 888 నాటి పర్భని తామ్రశాసనము సోమదేవునకు సబ్బినాటిలో రేపాక భాగమున గ్రామదానము చేసినట్లును, లేంబుళపాటకమగు వేములవాడలోని శుభధామ జినాలయము నిమిత్తము ఆ దానము జరిగినట్లును తెలుపుటచేత, కరీంనగరు గంగాధరయే యనుట సమంజసము.

యశస్తిలకము మొదటినుండి చివరవరకు ఆహారము, బలి, హింస అను మూడింటిని చుట్టుకొన్న కథ. యశోధరరాజు దుస్స్వప్నము కాంచితినని చెప్పగా, దోషనివారణకు జంతుబలి యీయుమని తల్లి చంద్రమతి యొత్తిడిచేసెను. కొడుకు ఒల్లడయ్యెను. తల్లీకొడుకులకు శాస్త్రచర్చ జరిగినది. తుదకు పిండితో కోడిని చేసి దానిని బలియిచ్చుటకు సంధి కుదిరినది. పిండికోడియే యైనను సంకల్పము హింసయే కనుక, ఇరువురును అనేక తిర్యగ్జన్మలు ఎత్తవలసివచ్చినది. పిండికి మాంసపు ఆకారమిచ్చి తినుట యెంతటి పాపమో నిరూపించిన ఈ కథ, పోచమ్మకు కోడిని, యాటను ఇచ్చు పల్లెల నడుమ కూర్చుండి వ్రాయబడినదని గుర్తుంచుకొనిన గాని దాని పదును తెలియదు.

అదే కావ్యము మూడవ ఆశ్వాసమున సజ్జనుడను వైద్యుని ముఖమున ఆహారవిధి చెప్పించుట నాకు మిక్కిలి ముఖ్యముగ తోచును. అచ్చట జఠరాగ్నియే ప్రమాణము. మందాగ్నికి తేలికయైనది, తీక్ష్ణాగ్నికి బరువైనది, విషమాగ్నికి జిడ్డుగలది, సమాగ్నికి సమమైనది పెట్టవలెను. నీరు భోజనమునకు ముందు త్రాగినచో కృశత్వము, తుదిని త్రాగినచో స్థౌల్యము, నడుమ త్రాగినచో సామ్యము. ఇది యంతయు ఆయుర్వేద సంప్రదాయమే. కాని కడపటి ఆశ్వాసములయందు శ్రావకధర్మములు చెప్పునపుడు మాంసనిషేధమును సోమదేవుడు వేరొక మార్గమున సాధించినాడు. పప్పుధాన్యములును ప్రాణిశరీరములే కదా, వానిని తినుచు మాంసమును మానుట యేల యను ఆక్షేపమునకు, మాంసము ప్రాణిశరీరమైనను ప్రాణిశరీరమెల్ల మాంసము కాదనియు, వేపయెల్ల చెట్టే యైనను చెట్టెల్ల వేప కాదనియు తర్కించినాడు. పాలు గోవునుండి వచ్చినను గోమాంసముతో సమానము కాదనుటకు పాము తలమణిని, పాము విషమును పోలికగా తెచ్చినాడు.

గమనింపుడు: మూడవ ఆశ్వాసమున ఎవరి యగ్ని ఎట్టిదని యడిగిన గ్రంథకర్త, చివరి భాగమున ఎవరి దేహము ఎట్టిదని యడుగనే లేదు. బక్కవానికి ఒక ధర్మము, బలిసినవానికి ఒక ధర్మము లేదు. శాకాహారము ఒంటికి మంచిదను వాదముతో ఆతడు ధర్మమును సమర్థింపజూడలేదు. ధర్మమును అడ్డుపెట్టుకొని వైద్యమును వంపలేదు. ఉగ్రాదిత్యుని మార్గము కంటె సోమదేవుని మార్గమే నిర్దుష్టమని నా యభిప్రాయము. మాంసము పుష్టినీయదని వాదించువాడు ఏదో యొకనాడు పుష్టుడైన మాంసాహారిని చూచి నిరుత్తరుడు కావలసివచ్చును. పుష్టినిచ్చినను వలదనువానికి ఆ భయము లేదు.

వేములవాడలో జైనము క్షీణించి శైవము వర్ధిల్లినది. నేడు అదే పట్టణమున రాజరాజేశ్వరునకు కోడెమ్రొక్కు చెల్లించి, ఆ కోడెను చంపక విడిచిపెట్టు భక్తుడే, సమీపముననున్న బద్దిపోచమ్మకు బోనముతోపాటు కోడినో మేకనో సమర్పించును. ఒకే యాత్రలో ఒకే కుటుంబము రెండు ఆహారధర్మములను పాటించుట యిచ్చట ఎవరికిని విరుద్ధముగ తోచదు. ధర్మపురి, మంథని అగ్రహారముల శాకాహారమును, వాని చుట్టునున్న పల్లెల మాంసాహారమును ప్రకృతిభేదముచేత ఏర్పడినవి కావు. అవి కులాచారములు, క్షేత్రాచారములు. బాలింతరాలికి, ఎముక విరిగినవానికి, జ్వరము విడిచి నీరసించినవానికి మేకకాళ్ల పులుసు పెట్టు అలవాటు మాత్రము వైద్యసంబంధియే. కృశునకు మాంసరసమన్న చరకుని సూత్రమునకు అది చాల దగ్గర.

ధాన్యముల నడుమ తారతమ్యమునకును మన సాహిత్యమున సాక్ష్యము కలదు. శ్రీనాథుని పేర ప్రచారమునందున్న పలనాటి చాటువులలో జొన్నకూటిపై విసుగు ప్రసిద్ధము. సన్నబియ్యమునకు అలవడిన యాస్థానకవికి జొన్న పడలేదు. దానిని జొన్న దోషమనరాదు.

ఆదిలాబాదు అడవులకు వచ్చునప్పటికి ప్రశ్న మారును. గోండులు, కొలాములు, నాయకపోడులు, పరధానులు, తోటీలు నివసించు ఈ సీమను 1940లో కుమ్రం భీము జోడెఘాట్‌లో మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వపక్షమున పరిశీలించిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, 1948లో రాజగోండులను గూర్చి గ్రంథమును ప్రకటించెను. నాగలి వ్యవసాయము చేయు గోండులకు జొన్నయే ప్రధానధాన్యము. వానకారున తేలికనేలలలోను, యాసంగిలో నల్లరేగడిలోను పండించుట వారి పద్ధతి. కొలాములది కొండవాలుల పోడు. వీరి యాహారమున దుంపలు, ఆకులు, ఇప్పపూవు, వేటమాంసము, చేపలు ఋతువును బట్టి చేరుచుండెను. ఇప్ప యను తెలుగు మాటకు, గోండీలోని ఇరుప్ అను మాటకు, తమిళములోని ఇరుప్పై యను మాటకు మూలమొకటే. ద్రావిడభాషలు విడిపోకముందే యీ చెట్టు మనవారి బ్రతుకున భాగమై యుండెననుటకు ఇది చాలు. క్రొత్తపంటను, క్రొత్తపూవును దేవతకు సమర్పింపక ముట్టరాదను నియమము గోండులలో కలదు. ఏడాది తిండికి అది యొక పంచాంగము.

ఇట్టి వైవిధ్యము తరిగిపోవుటకు కారణములు చరిత్రలోనివి. రక్షితారణ్యముల సరిహద్దులు ఊళ్లను క్రమ్ముకొనుటచే పోడును, తేలికనేలల మార్పిడియు ఆగినవి. 1965లో కవ్వాల అభయారణ్యమైనది, 2012లో పులుల రక్షణప్రాంతమైనది. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేటను నేరము చేసినది. పులి బ్రతుకవలెననుటలో వివాదము లేదు. కాని వేటమాంసము పోయినచోట దానికి బదులు ఏమి చేరినది? ప్రత్తి చేలును, చౌకదుకాణపు బియ్యమును. గిరిజనునకు జొన్న తప్ప వేరేదియు ఒంటికి పట్టదని కొందరు, వానికి బియ్యము పెట్టుటయే నాగరికతయని కొందరు వాదింపగా నేను వినియున్నాను. ఇరువురును దేహమును గూర్చి మాటలాడుచున్నామని భ్రమించుచు భూమిని గూర్చిన ప్రశ్నను దాటవేయుచున్నారు.

ఇక ఆధునికశాస్త్రము. ఆహారమునకును దేహమునకును గల సంబంధమును చరకుడు దేహమునుండి ఆరంభించెను. 20వ శతాబ్ది ఆహారమునుండి ఆరంభించినది. కూనూరులో రాబర్టు మెక్కారిసన్, ఎలుకల గుంపులకు వేర్వేరు ప్రాంతముల భోజనములు పెట్టి, సిక్కుల గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు, అప్పుడప్పుడు మాంసము తిన్నవి బాగుగ నెదిగినవనియు, మద్రాసు బియ్యపు భోజనము తిన్నవి చిక్కినవనియు చూపెను. యోధజాతులు, దుర్బలజాతులు అను నాటి పాలకుల విభజనకు ఈ ఎలుకలు చక్కని సమాధానము: దేహదార్ఢ్యము జాతిలో కంటె పళ్లెములో నెక్కువ యున్నదన్నమాట. కూనూరు సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఆ సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య గారలు 1960లో, జొన్నయే దాదాపు సర్వాహారముగా గల దక్కను పేదలలో పెల్లాగ్ర యను చర్మవ్యాధి యేల వచ్చుచున్నదో పరిశీలించి, జొన్నలోని ల్యూసిన్ ఆధిక్యమును కారణముగా సూచించిరి. ఆ సూచనపై తరువాత భిన్నాభిప్రాయములు వచ్చినను, పప్పు, పాలు, మాంసము తగినంత చేరినచోట జొన్న తినువారికి ఆ వ్యాధి రాదనుట నిలిచియున్నది. ఏకరససాత్మ్యులు అల్పబలులన్న విమానస్థాన వాక్యమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము కోరనక్కరలేదు. జొన్న దేహమునకు పడలేదా యన్న ప్రశ్న తప్పు. జొన్న యొక్కటియే దొరకుట వ్యాధి.

ప్రసంగవశమున ఒక మాట. ప్రోటీను అను పదమునకు మనవారు మాంసకృత్తు అను పారిభాషికపదము నేర్పరచిరి. మాంసమును నిర్మించునది యని దాని యర్థము. కందిపప్పులో నున్నను అది మాంసకృత్తే. కార్బోహైడ్రేటు పిండిపదార్థమైనది. సోమదేవుని పిండికోడికి ఈ పారిభాషికపదములతో వ్యాఖ్య వ్రాయబూనినచో వినోదముగా నుండును.

దేహములను వర్గీకరించు కోరిక పాశ్చాత్యులకును కలిగినది. జర్మనీలో క్రెష్మర్ 1921లో, అమెరికాలో షెల్డన్ 1940లో దేహాకృతులను మూడేసి విధములుగా విభజించిరి. చరకుని మూడింటితో వీనిని జతచేసి పట్టికలు వేయువారు కలరు. పోలిక పైపై పోలికయే. షెల్డన్ లెక్క ఎముకలు, కండరములు, క్రొవ్వు. చరకుని లెక్కలో నిద్ర, ఆకలి, మాట, కోపము, జ్ఞాపకము సైతము చేరును. నెత్తురు వర్గమును బట్టి మాంసమో శాకమో తినవలెనని 1996లో అమెరికానుండి బయలుదేరిన సిద్ధాంతమునకు పరిశోధనలలో బలము దొరకలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2015లో, ప్రకృతినిర్ణయము స్పష్టముగా జరిగిన 262 మంది పురుషుల జన్యువులను పరిశీలించి, పిత్తప్రకృతికిని, పిండిపదార్థముల జీర్ణపరిణామమున పాల్గొను పీజీఎం1 అను జన్యువునకును సంబంధము కనబడుచున్నదని ప్రకటించిరి. ఆసక్తికరమైన ఆరంభమే, కాని దానిని బట్టి ఫలానావానికి మాంసము, ఫలానావానికి అన్నము అని విధించుట ఆ పరిశోధకులును చేయలేదు.

దేహాకృతికి సంబంధించి మనకు నిజముగ పనికివచ్చు విషయము వేరొకటి యున్నది. చూపునకు బక్కగా నుండియు కడుపున క్రొవ్వు పేరుకొనిన దేహము మన దేశమున సర్వసాధారణమని పూణేలో యాజ్ఞిక్ గారి పరిశోధనలు నిరూపించినవి. కృశుడు, స్థూలుడు అను చరకుని రెండు కోటులకును ఈ దేహము చిక్కదు: కృశుడని చూచి క్రొత్తబియ్యము పెట్టినచో మధుమేహము. దేశము మొత్తముమీద మనకు వచ్చు శక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని భారత వైద్యపరిశోధన మండలి పరిశీలన. మరొకవైపు, 2014 నాటి నమూనా నమోదు సర్వేలో తెలంగాణమున నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలినది. ఈ రెండు సంఖ్యలకు విరోధము లేదు. మాంసము తినువాడనుటకును, మాంసము తగినంత తినువాడనుటకును చాల దూరము. పల్లెలో మాంసము పండుగకు, ఆదివారమునకు, అన్నము మూడుపూటలకు. గర్భిణులకు, బాలింతలకు దినమున కొక గ్రుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలును అన్నముతో కలిపి అంగన్‌వాడీలలో పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో ఆరంభమైనపుడు ఆ లోపమే దృష్టియందుంచుకొనబడినది.

జొన్ననుండి అన్నమునకు జరిగిన ఈ మార్పు కరీంనగరు జిల్లాలో ఒక్క తరములో జరిగిపోయినది. 1963లో పోచంపాడు ఆనకట్టకు పునాదిరాయి పడినది; కాకతీయ కాలువ నీరు వచ్చినకొలది చేలు పొలములైనవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చుటతో నీరురాని ఊళ్లలోను గటుక కుండ అటకెక్కినది. అన్నము తినుట గౌరవచిహ్నముగా నుండిన కాలమున ఆ మార్పును జనులు కోరి తెచ్చుకొనిరి. దానిని కేవలము ప్రభుత్వముల పనియనుట వారి కోరికను తక్కువచేయుట యగును. ఇప్పుడు కరీంనగరు వీధులలో సాయంకాలము పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు కాల్చి యమ్ము స్త్రీల యొద్ద నిలుచువారిలో పెక్కురు మధుమేహరోగులు, వైద్యుడు స్థౌల్యము తగ్గించుకొమ్మన్నవారు. ఉట్నూరు ప్రాంతపు గోండుగూడెములకు బియ్యము నెలనెల చౌకదుకాణమునుండి చేరుచునే యున్నది. జొన్నతో చేసిన పోషకాహారపు పొట్లములు మాత్రము ఇక్రిశాట్ సహకారముతో గిరిపోషణ యను ప్రత్యేకపథకము క్రింద అంగన్‌వాడీలకు పంపబడినవి.